నాయుడు గారి ఇంజను కారడం మానింది

కొత్తవలస,
శ్రావణమాసం, ఆదివారం మధ్యాహ్నం.

అమ్మ పోయాక నాకు అమ్మవైన పోలమ్మప్పకు, నీ తమ్ముడు ఎర్రయ్య ఇక్కడి నుంచే నీ పాదాలంటి రాసుకుంటున్నది.

ఇక్కడ నేనూ భవానీ క్షేమం. అక్కడ నువ్వు, బావ, తాతారావు, కోడలు వరలక్ష్మి అంతా బాగున్నారని తలుస్తాను. నీ మోకాలు ఎలా ఉంది? ఉప్పు కాపడం మానొద్దు. చేపల గంప కోడలి నెత్తిన పెట్టి, బేరం మాత్రం నువ్వాడు. నీ నోటికి ఏ నొప్పీ లేదు కదా. తల్లీ వరలక్ష్మీ, ఈ ఉత్తరం మీ అత్తకి నెమ్మదిగా చదువు. ఏడో తరగతితో ఆగిపోయిన చెయ్యి నాది. అక్షరం తెలియకపోతే ఊహించి చదివెయ్యి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మొన్న భవాని కలిపి ఇస్తే నేను "ఆఁ, ఆఁ" అన్నాను గాని, నువ్వు తిట్టావో దీవించావో నాకు తెలియలేదు. ముప్ఫై ఏళ్లు పడవ ఇంజను పక్కన కూర్చున్న చెవులు. మనిషి ఎదురుగా ఉండి గట్టిగా మాట్లాడితే, పెదాలు చూసి అర్థం చేసుకుంటాను. ఫోన్లో మాత్రం నువ్వు కూడా గాలిలాగే వినిపిస్తావు. పైగా ఈసారి చెప్పాల్సింది ఫోన్లో అయ్యే పని కాదు. మంచి సంగతే, కంగారు పడకు.

వేట నిషేధం మొదలైన వారంలో కదా మేమిద్దరం బయలుదేరాం. భవానికి రైల్వేలో ట్రాక్ మీద పని వచ్చింది, ఆడపిల్ల కొత్త ఊళ్లో ఒంటరిగా ఉండకూడదు, "రెండు నెలలుండి గుంటకి తోడు కుదిరినాక వచ్చీ" అని పంపావు. ఊరి చివర అప్పలనాయుడు గారనే రైతు ఇంటి వెనక ఒక గది, ముందు చిన్న వసారా మాకు దొరికాయి. భవాని పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోతుంది. పట్టాల వెంబడి నడిచి, వదులైన బోల్టులు బిగించి, కంకర సర్ది, సాయంత్రానికి ఎర్రగా కాలిపోయి వస్తుంది. వంట నాది. నవ్వకు. మొదటి వారం అన్నం మాడింది, రెండో వారం జావైంది. ఇప్పుడు బాగానే వస్తోంది. చోడి పిండితో అంబలి కూడా కాస్తున్నాను.

చేపల సంగతి అడగొద్దు. సంతలో ఐసులో పెట్టిన చేపలు అమ్ముతారు. కళ్లు తెల్లబడి ఉంటాయి. వాటిని చూస్తే నాకు జాలేస్తుంది గాని ఆకలెయ్యదు. గాలి కూడా అంతే. మన ఊళ్లో చెమట పడితే గాలొచ్చి తుడుస్తుంది, ఇక్కడ చెమట పట్టిన చోటే ఉంటుంది. కిరండూల్ నుంచి ఇనప రాయి మోసుకొచ్చే గూడ్సు బళ్లు పోతుంటాయి. వాటి చప్పుడు నాకు వినపడదు, గోడకి ఆనుకుంటే వీపుకి తెలుస్తుంది. వచ్చిన కొత్తలో అలా వీపు గోడకి పెట్టి పెట్టెలు లెక్కపెట్టేవాణ్ని. అంత తీరిక అప్పా, అంత ఒంటరితనం.

ఇంకో సంగతి నీకొక్కదానికే చెప్పుకోగలను. భవానిని పెంచింది నువ్వు. దాని తల్లి పోయినప్పుడు దానికి మూడేళ్లు, నేనేమో ఎప్పుడూ నీళ్ల మీదే. మేమిద్దరం ఒకే గదిలో ఇన్ని రోజులు కలిసి ఉండడం ఇదే మొదలు. మొదటి నెలంతా మా మధ్య రెండే మాటలు. "తిన్నావా" అని నేను, "తిన్నాను" అని అది. అది పడుకున్నాక, ఇక్కడ నేనుండి దీనికేం ప్రయోజనం అనుకునేవాణ్ని. నిషేధం ఎత్తేశారని తెలిసిన రోజు నుంచి నా మనసు పడవ మీదే ఉంది. తాతారావు ఇంజను దగ్గర నా చోటు ఖాళీగా ఉంచి, మనిషిని పెట్టకుండా ఎదురు చూస్తున్నాడని తెలుసు. అలాంటప్పుడు వచ్చిపడింది నాయుడు గారి ఆయిలింజను వ్యవహారం.

ఈ ఏడు ఇక్కడ వానలు వెనకబడ్డాయి. ఆకుమడి పోసి ఇరవై రోజులైంది, నారు పసుపు తిరుగుతోంది. పక్కన గెడ్డలో నీళ్లున్నాయి గాని, ఇంజనుతో తోడితే తప్ప మడికి ఎక్కవు. ఆ ఇంజను తల మీద ఒక పైమూత ఉంటుంది, దాని అంచు చుట్టూ నూనె కారిపోతోంది. గంట నడిస్తే ఇంజను ఒళ్లంతా నూనె. కారిన నూనె కాలువలో పడి, రంగురంగుల పొరలాగా ఆకుమడిలోకి పోయి, అంచునున్న మొక్కలకి పట్టుకుంటోంది. నూనె తగ్గిపోతే ఇంజను పట్టేస్తుందని, నాయుడు గారు దాని పక్కనే డబ్బాతో కూర్చునేవారు. బజారు మెకానిక్కు రెండుసార్లు వచ్చి మూత కింద ప్యాకింగు మార్చాడు. రెండుసార్లూ మర్నాటికల్లా కారింది.

నాయుడు గారి భార్య సన్యాసమ్మ నేను పడవ ఇంజను మనిషినని చెప్పిందట. ఆయన వసారా దగ్గరికి వచ్చి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"మెకానిక్కే సెయ్యనేకపోనాడు. సముద్రమోడివి, నువ్వేటి సేస్తావు?"

"పడవకీ ఇంజనే కట్టుకున్నాం బాబూ. తెడ్డు కాదు" అన్నాను.

"సరే, సూడు. రెండ్రోజులు సూస్తాను. నేకపోతే పాత ఇనపోడికి ఇచ్చేస్తాను. ఆకు ఎండిపోతే ఎండిపోనీ."

ఎండిపోనీ అంటూనే మడివైపు చూశాడు అప్పా. నిండా చేపతో వల తెగిపోయినప్పుడు బావ చూసినట్టు చూశాడు.

నేను గొప్పగా వెళ్లాను. ఆ ఇంజను మన పడవ ఇంజనుకి తమ్ముడిలాంటిది. మూత విప్పాను, పాత ప్యాకింగు గీకేశాను, బజారు నుంచి బెండు రేకు తెచ్చి, మూత అంచు గీసుకుని, కత్తెరతో కొత్త ప్యాకింగు కత్తిరించాను. ఊళ్లో నలుగురు చేరి చూస్తున్నారు. ఇక ఈ జన్మలో ఇది కారకూడదని నట్లు బిగించాను. పానా మీద బరువంతా వేసి బిగించాను. నా చెయ్యి కాదు అప్పా, నా గొప్ప బిగించింది. సాయంత్రం గంటసేపు నడిపితే చుక్క పడలేదు. సన్యాసమ్మ మాకు రెండు ఆనపకాయలు పంపింది. మర్నాడు మళ్లీ కారింది. ముందుకంటే ఎక్కువ కారింది. నేను బిగించిన బిగింపుకి మూత అంచు వంగి, బెండు నలిగి, ఒక మూల చీలిపోయింది.

నాయుడు గారు అరవలేదు. అరిస్తే బాగుండేది. మెల్లగా, నాకు అర్థం కావాలని నా ముఖం ముందుకొచ్చి అన్నాడు. "ఉప్పునీళ్ల ఇంజను వేరు, మంచినీళ్ల ఇంజను వేరు. పోనీలే, నీ తప్పు కాదు."

నేను గదికొచ్చి బట్టలు సంచిలో సర్దుకున్నాను. సాయంత్రం భవాని వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, "ఆదివారం ప్యాసింజరుకి ఎలిపోతాను" అని చెప్పాను. అది సంచి చూసింది, నన్ను చూసింది. గడప మీద నా ఎదురుగా కూర్చుని, "ఏటయ్యింది?" అంది.

చెప్పాను. ప్యాకింగు ఎలా కోశానో, ఎలా బిగించానో, ఎలా కారిందో అంతా చెప్పాను. అది మధ్యలో ఆపి మూత గురించి, నట్ల గురించి అడిగింది. దానికి బోల్టులతోనే కదా పని. అంతా విని అంది. "పట్టా ఒకసోట కుంగిపోతే మావు పట్టాని తిట్టం. పట్టా మార్సినా మళ్లీ కుంగుతాది. కింద కంకర ఎక్కడ జారిపోనాదో సూస్తాం. నువ్వు మూతనే పట్టుకుని కూకున్నావు. నూనెని పైకి తోస్తన్నది ఏటి?"

నేను సంచి మూతి ముడి వేసుకుంటూ కూర్చున్నాను.

"ఎలిపోతే ఎలిపో నాన్నా, నాను ఆపను. పాడుసేసినది మటుకు బాగుసేసి ఎలిపో" అని లేచి అన్నం పెట్టింది. పెదాలు చూస్తున్నాను కాబట్టి మాట దానిదని తెలిసింది గాని, కళ్లు మూసుకుని ఉంటే నువ్వే అన్నావనుకునేవాణ్ని.

మర్నాడు నేను మూత జోలికి పోలేదు. నాయుడు గారిని బతిమాలి, ఇంజను ఒక్కసారి తిప్పమన్నాను. ఆయన విసుక్కుంటూనే తిప్పాడు. మెకానిక్కులు ఇంజనుని వింటారు. నాకు చెవుల్లేవు కదా, అరచేయే నా చెవి. నూనె పోసే చోట బిరడా తీసి, ఆ కంత మీద అరచెయ్యి పెట్టాను. గాలి గుప్పుమని నా చేతిని పైకి తోసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ తోసింది. మంచి ఇంజను అలా తొయ్యదు. పసిబిడ్డ ముక్కు దగ్గర చెయ్యి పెట్టినట్టు, ఉందా లేదా అన్నంత గాలే తగలాలి.

ఇది నీకు వంటింటి మాటలో చెప్తాను. అన్నం ఉడికేటప్పుడు మూత వాల్చి పెడతాం. ఆవిరి పోయే సందు లేకుండా మూత గట్టిగా నొక్కి పెడితే గంజి అంచుల్లోంచి పొంగుతుంది. అప్పుడు తప్పు మూతది కాదు. ఇంజనుకీ లోపలి గాలి వదలడానికి ఒక చిన్న గొట్టం ఉంటుంది, మెకానిక్కులు బ్రీదర్ అంటారు. కొన కిందికి వంగి ఉండడంతో ఎవరి కంటా పడలేదు. ఇంజను ఆపి ఆ గొట్టం విప్పి చూశాను. ఒక కొసన కన్ను పెడితే రెండో కొసన వెలుగు లేదు. సైకిలు పుల్ల పెట్టి పొడిస్తే గట్టి మట్టి తగిలింది. ఇంకాస్త పొడిస్తే పెళ్లలు పెళ్లలుగా రాలింది. కుమ్మరి పురుగు గూడప్పా. వేసవంతా ఇంజను పాకలో ఊరికే ఉన్నప్పుడు, ఆ పురుగు చక్కగా మట్టి మోసుకొచ్చి, గొట్టంలో ఇల్లు కట్టుకుని, పిల్లల్ని పెట్టి వెళ్లిపోయింది.

నాయుడు గారు ఆ మట్టి పెళ్ల చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది సేసినాదా ఇదంతా?" అన్నాడు.

"ఇదే. కొంత నేనూ సేసినాను" అన్నాను. వంగిపోయిన మూత చూపించాను. దాచుకోవడం ఎందుకు?

గొట్టం డీజిలుతో కడిగి, ఊది, వెలుగు కనపడేదాకా శుభ్రం చేసి, మళ్లీ దాని చోట బిగించాను. మూతని బట్టలుతికే నున్నటి బండ మీద బోర్లించి, ఏ మూల లేస్తోందో చూసుకుని, చెక్క సుత్తితో చిన్నగా తట్టి అంచు సరిచేశాను. ఆ పనికే గంటన్నర పట్టింది. కొత్త ప్యాకింగు కోశాను. ఈసారి నట్లు ఇటొక చుట్టు, అటొక చుట్టు, పసిపిల్లకి గాజులు తొడిగినట్టు బిగించి, చాలనిపించిన చోట ఆపేశాను. ఆపడమే కష్టం అప్పా, చెయ్యి ఇంకా ఇంకా అంటుంది.

తర్వాత సన్యాసమ్మని పిడికెడు ముగ్గు అడిగాను. ఇంజనుకి ముగ్గేమిటని ఆవిడ నవ్వింది. మూత శుభ్రంగా తుడిచి, అంచు చుట్టూ ముగ్గు చల్లాను. నూనె చుక్కంత ఊరినా తెల్లటి ముగ్గు మీద నల్లగా కనపడుతుంది. ఇంజను తిప్పారు. గెడ్డ నీళ్లు పంపు గొట్టంలోంచి దూకి కాలువలో పడ్డాయి. నేను ఆ ముగ్గు గీత ముందు గొంతుక్కూర్చున్నాను. గంట అయింది. నాయుడు గారు డబ్బా పట్టుకుని వచ్చి నించున్నారు, పొయ్యాల్సిన పని పడలేదు. రెండో గంటలో సన్యాసమ్మ నాకు మజ్జిగ ఇచ్చి, తనూ అక్కడే కూర్చుంది. మూడు గంటలు నడిచాక మడి నిండింది. నాయుడు గారు ఇంజను ఆపి, వంగి, మూత చుట్టూ వేలు రాసి, ఆ వేలు ఎండలో పెట్టి చూసుకున్నారు. తెల్లగా ఉంది.

"ముగ్గు సెదరనేదు" అంది సన్యాసమ్మ.

ఆయన ఆ వేలు పంచెకి తుడుచుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, నాకు వినపడేలా గట్టిగా, చుట్టుపక్కల పొలాలకి కూడా వినపడేలా అన్నారు. "బావా, రా, అంబలి తాగుదాం."

అప్పా, ఆ ఒక్క మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. డీజిలు పడింది అని చెప్పి తుడుచుకున్నాను.

సాయంత్రం భవాని వచ్చేటప్పటికి సంచిలో బట్టలు మళ్లీ దండెం మీద ఉన్నాయి. అది చూసి నవ్వాపుకుని చెంబు తీసుకుని వెళ్లింది. తర్వాత పురుగు గూడు సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. మర్నాడు దాని గుంపులో ఆడవాళ్లందరికీ చెప్పిందట. పట్టా కుంగితే కంకర చూసినట్టు మా నాన్న గొట్టం చూశాడని. అప్పటి నుంచి మాకు మాటలే మాటలు. అది పట్టాల సంగతి చెప్తుంది, ఎండకి ఇనుము ఎంత సాగుతుందో, వంతెన మీద ఎలా నడవాలో. నేను తుపాను రోజుల సంగతులు, వాళ్లమ్మ సంగతులు చెప్తాను. అన్నం చల్లారిపోయినా లేవం. వాళ్లమ్మ పుల్లటి మావిడికాయ ఉప్పు లేకుండా తినేదని నేను చెబితే, తనూ అంతేనని అంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, నాకా సంగతి ఇప్పుడు తెలిసింది.

అందుకే ఈ ఉత్తరం. ఇంజను దగ్గర నా చోటు, మన పడవ మీద వల లాగే దానయ్యకి ఇచ్చెయ్యమని తాతారావుకి చెప్పు. దానయ్యకి చెవులు బాగున్నాయి, చెయ్యి కూడా నెమ్మది. నన్ను చూసుకుని వాడిని ఆపొద్దు. నేను ఇక్కడే ఉంటాను. భవాని ఉండమనలేదు, నేనే ఉంటానన్నాను. అది "నీ ఇష్టం" అని, మర్నాడు బజారు నుంచి నాకు కొత్త చెప్పులు తెచ్చింది. నాయుడు బావ తన పాకలో ఒక పక్క ఖాళీ చేసి ఇచ్చాడు. ఇప్పటికే ఒక జీపు, ఒక పిండి మిల్లు ఇంజను వచ్చాయి. రెండూ మూత దగ్గర నూనె కారేవే. జీపుది నిజంగా ప్యాకింగే, ఎండిపోయి పెళుసెక్కింది. మిల్లుది ఒక నట్టు మర అరిగింది. ఏ ఇంజను కారితే దాని కారణం దానికే ఉంటుందని తెలుసుకుని, ముందు అరచెయ్యి పెట్టి, తర్వాతే పానా పడుతున్నాను. సముద్రం గుర్తు రాదని చెప్పను. వస్తుంది. పొద్దున్నే లేవగానే ముందు గాలి ఎటు ఉందో చూస్తాను, తర్వాత నవ్వుకుంటాను.

మొన్న వానలు పడ్డాయి. ఆకు పచ్చబడి జానెడు దాటింది. ఉభాలు పెట్టుకున్నారు. నారు తీసి పొలంలో నాటే రోజు భవానికి సెలవు. ఇద్దరం వెళ్లాం. నేను మోకాలి లోతు బురదలో దిగి నాటుతుంటే వెనక ఆడవాళ్లు ఏదో అరుస్తున్నారు. మెచ్చుకుంటున్నారనుకుని తలూపుతూ ముందుకి పోయాను. గట్టెక్కాక భవాని చెప్పింది, నా వరస పాములాగా పోయి పక్క వరసలో కలిసిపోయిందని. సన్యాసమ్మ అదంతా పీకి మళ్లీ నాటింది. భవాని మాత్రం తాడు కట్టినట్టు నాటింది. దాని వరస నీ పెంపకం, నా వరస నా సొంత తెలివి.

చిన్న కోరికలు రెండు. మంచం కింద గోనెలో నా పానాల కట్ట ఉంది, తాతారావు ఇటువైపు వస్తే పంపు. రెండు గుప్పెళ్లు ఎండు నెత్తళ్లు, నీ చేత్తో ఎండబెట్టినవి, పంపు. నాయుడు బావకి తినిపించి చూడాలి. బావకి నా నమస్కారాలు. తాతారావుకి, వరలక్ష్మికి దీవెనలు. దానయ్యకి చెప్పు, ఆ ఇంజను చల్లటి పొద్దున మొదటి తిప్పుకి మొండికేస్తుంది, తిట్టకుండా రెండోసారి తిప్పమను.

ఉభాల పని అయింది, మోకాలు కుదుటపడితే నువ్వు ఒక్కసారి రా. రైలెక్కి కిటికీ దగ్గర కూర్చో. కంటకాపల్లి దాటాక బయటికి చూస్తూ ఉండు. పట్టాల పక్కన నారింజ రంగు చొక్కాలు తొడుక్కున్న మనుషులు రైలు పోయేదాకా పక్కకి జరిగి నిలబడతారు. అందులో ఒకతె నీ భవాని. నువ్వు ఏ బండికి వస్తున్నావో ముందే చెప్తే, చెయ్యెత్తి నిలబడతానంది. నువ్వూ కిటికీలోంచి చెయ్యి ఊపు. అది నీ చేతిని గుర్తుపడుతుంది.

మా ఇద్దరి తలల మీదా నీ చెయ్యి ఉండాలని కోరుకుంటూ,

నీ తమ్ముడు
ఎర్రయ్య